ఎడారి చలిలో ఒక కునుకు

కువైట్ వెళ్తున్నామంటే మా వీధిలో అందరూ ఎండ గురించే జాగ్రత్తలు చెప్పారు. ఒకరు గొడుగు ఇచ్చారు, ఒకరు సబ్జా గింజలు పొట్లం కట్టిచ్చారు. స్వెట్టరు పెట్టుకోమని మాత్రం ఎవరూ అనలేదు. మొదటి డిసెంబరులో జహ్రా అనే ఊరు దాటాక ఉత్తరపు గాలి నేత చీరలోంచి ఎముకల్లోకి దిగినప్పుడు తెలిసింది, ఎడారి చలి ఎలా ఉంటుందో. చెట్టు లేదు, గోడ లేదు. వచ్చే గాలి వచ్చినట్టే ఒంటికి తగులుతుంది.

మా ఆయన పాస్టరు. గోదావరి పక్క పల్లెల్లో సంఘాలు చూసుకుని, వయసు మీదపడ్డాక విశ్రాంతి తీసుకున్నారు. నేను బడి హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరయ్యాను. కువైట్‌లోని తెలుగు క్రైస్తవ సంఘానికి, పాస్టరుకు సాయంగా పెద్ద వయసు జంట ఒకటి రెండేళ్లపాటు కావాలని కబురొచ్చినప్పుడు ఆయన ఆ సాయంత్రమే పెట్టె దించారు. నాకు నా మోకాళ్లు గుర్తొచ్చాయి. అయినా కాదనలేదు. ఆయన్ని ఒక్కరినే పంపితే మందులు వేసుకోరు.

మాకు ఉత్తరం వైపు అప్పగించారు. జహ్రా ఊరు, దానికి పైన సరిహద్దు దాకా ఉన్న తోటలూ ఎడారీ. ఇక్కడ వారాంతపు సెలవు శుక్రవారం, ఆరాధన కూడా ఆ రోజే. కానీ అక్కడి ఇళ్లలో పనిచేసే మా సంఘం ఆడవాళ్లకు ఆ సెలవు దొరకడం కష్టం. వాళ్లు ఆరాధనకు రాలేకపోతే మేమే వెళ్లి చూసి రావాలి. వేరే మతం వాళ్లకు బోధించడం ఇక్కడ నిషేధం, మాకు ఆ ఉద్దేశమూ లేదు. మా మనుషుల్ని కనిపెట్టుకుని ఉండటమే మా పని.

ఆ పనిలో సగం ఎదురుచూడటమే. ఇంటి వెనక గేటు దగ్గర, సరుకుల స్టోరు బయట బెంచీ మీద, బస్‌స్టాపుల్లో. ఇంట్లో పనిచేసే అమ్మాయి చెత్తసంచి పారేయడానికి బయటికొస్తే ఆ కాసేపట్లోనే మాట్లాడాలి. వాళ్లు చెప్పేది ఎప్పుడూ కష్టమే. భర్త తాగుడు, కూతురి చదువు, ఇక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కాగితాల గొడవ, నడుంనొప్పి. ఆయన ప్రార్థన చేస్తారు, నేను చెయ్యి పట్టుకుంటాను. ఇంటికొచ్చాక ఆయన దిండు మీద తల పెట్టగానే నిద్రపోతారు. నాకు పట్టదు. కూర తరుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా, విన్నవాటిలో ఏదో ఒకటి మనసులో మెదులుతూనే ఉంటుంది. రెండో శీతాకాలం వచ్చేసరికి, ఎవరైనా "అమ్మగారూ" అని పిలిస్తే నా భుజాలు బిగుసుకుపోయేవి. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. పాస్టరు భార్యకు విసుగు రాకూడదని పెళ్లయిన కొత్తలోనే ఎవరో నేర్పేశారు.

చలికాలంలో ఇక్కడి కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. వాటిని మఖయ్యం అంటారు. తివాచీలు, జనరేటరు, నీళ్ల ట్యాంకు, వంటకు వేరే గుడారం, అన్నీ తరలివెళ్తాయి. యజమానులకు అది విహారం. వాళ్లతో వెళ్లిన పనిమనిషికి మాత్రం ఇల్లు ఒకటి, గుడారం ఒకటి, పని రెండింతలు. మా సంఘంలో కోనసీమ అమ్మాయి ఒకతె ఉండేది. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటి ఉంటాయి. ఆమె గొంతెత్తి పాడితే వెనక వరసలో వాళ్లు కూడా నిటారుగా కూర్చునేవాళ్లు. గుడారాలు లేచాక ఆమె రావడం మానేసింది. కొన్ని వారాలయ్యాక నా ఫోనుకు గొంతు రికార్డు చేసి పంపింది.

"అమ్మగారూ, ఒక్కసారి రండి. అయ్యగారిని కూడా తీసుకురండి. మా పెద్దమామాని అడిగానండి, రమ్మందండి."

అంతే, ఇంకేమీ చెప్పలేదు. ఇంటి యజమానురాలిని వీళ్లు మామా అంటారు. పెద్దమామా అంటే ఆ ఇంటి ముసలావిడ, యజమాని తల్లి.

మా ఆయన రెండు రోజులు వాక్యం సిద్ధం చేసుకున్నారు. ప్రభువు బల్ల సంస్కారానికి రొట్టె, చిన్న సీసాలో ద్రాక్షరసం సర్దుకున్నారు. నేను ఫ్లాస్కులో మిరియాల చారు పోశాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంటి డ్రైవరే గ్యాసు బండలు తీసుకెళ్లడానికి జహ్రా వచ్చి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. రాయచోటి ముస్లిం, గడ్డం నెరిసిన మనిషి.

"యెక్కండి మా. హీటరు ఏసినా. ఆడ సలి శానా ఉండాది, సార్‌కు టోపీ ఉండాదా?"

మా ఆయన జేబులోంచి మంకీ క్యాపు తీసి చూపించారు. డ్రైవరు తృప్తిగా తలూపాడు. దారిలో ఆయనకు వాళ్ల ఊరి మామిడితోటల గురించి చెప్పాడు. నేను కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాను. ఆ పూట ఇంకొకరి కష్టం వినే ఓపిక నాకు లేదు. దారి ఇంకా పొడుగ్గా ఉంటే బాగుండుననుకున్నాను.

గుడారాలు గాలికి దబదబా కొట్టుకుంటున్నాయి. పిల్లలు ఇసుకలో బండ్లు నడుపుతూ అరుస్తున్నారు. వంట గుడారం అన్నిటికీ వెనక ఉంది. లోపల ఆ అమ్మాయి పీటమీద కూర్చుని బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి లేచింది. లేస్తూనే తూలి గుడారం గుంజను పట్టుకుంది. కళ్లు గుంటల్లోకి పోయాయి. చేతులు పగిలి, వేళ్ల సందుల్లో నెత్తురు చారలున్నాయి.

మా ఆయన కుశలం అడిగి, కళ్లజోడు తుడుచుకుని, బైబిలు తెరిచారు. గొంతు సవరించుకున్నారు.

"అయ్యగారూ," అంది ఆ అమ్మాయి. "తప్పుగా అనుకోకండి. నాకు ప్రార్థన వద్దండి."

ఆయన తలెత్తారు.

"నిద్దర కావాలండి. ఈ వారం రోజులూ చుట్టాలు వత్తానే ఉన్నారండి. కునుకు పడితే చాలు, ఎవరో ఒకరు పిలుత్తన్నారు. సాయంత్రం మళ్లీ ముప్పైమంది వత్తారంట. ఒక్క గంటండి. అమ్మగారు ఇక్కడ కూర్చుంటే చాలు. ఎవరైనా వత్తే లేపెయ్యండి. అందుకే పిలిచానండి, కోప్పడకండి."

చెబుతుండగానే ఏడ్చేసింది. ఏడవడానికి కూడా ఆమెకు శక్తి లేదు, కన్నీళ్లు వాటంతటవే కారుతున్నాయి.

మా ఆయన ఆ పుస్తకం అలాగే పట్టుకుని నిలబడిపోయారు. ఇన్నేళ్ల పరిచర్యలో ఆయనతో ప్రార్థన వద్దన్నవాళ్లు చాలామందే ఉంటారు, కానీ వాళ్లెవరూ ఆయన సంఘం వాళ్లు కారు. నాకు మాత్రం ఏదో బిగువు సడలినట్టయింది. ఈమె నన్ను ఓదార్చమనలేదు. నేను చెయ్యగలిగిన పనే అడిగింది.

"పడుకోమ్మా," అన్నాను. "నేను చూసుకుంటాను."

బియ్యం బస్తాల వెనక చాప ఉంది. నా శాలువా తీసి కప్పాను. కాళ్లు ముడుచుకునేలోపే నిద్రపోయింది.

చీర కొంగు నడుముకు దోపి, స్వెట్టరు చేతులు పైకి లాగి, పని చూశాను. ఉల్లిపాయలు ఒక గంప ఉన్నాయి. టీ గ్లాసులు తొట్టెలో అలాగే పడున్నాయి. ఆ నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయాయి. ఆ అమ్మాయి చేతులు ఎందుకు పగిలాయో అర్థమైంది.

"నేనేం చెయ్యను?" అన్నారు మా ఆయన, పుస్తకం సంచిలో పెట్టి.

"ఆ వెల్లుల్లి ఒలవండి."

"నాకు రాదే."

"రాదని తెలుసు. ఒలవండి."

మంకీ క్యాపు పెట్టుకుని, గ్యాసు బండ మీద కూర్చుని, ఆయన వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టారు. ఒక్కో రెబ్బతో కుస్తీ పడుతున్నారు. డ్రైవరు నీళ్ల క్యాను మోసుకొచ్చి, ఆయన్ని చూసి, నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లాడు. మళ్లీ వచ్చి కుంపట్లో బొగ్గులు రాజేసి నా పక్కకు జరిపాడు. పెద్ద గుడారంలోంచి చాయ్ అని కేక వినిపిస్తే, నేను కాచి ఇచ్చిన టీ తనే తీసుకెళ్లాడు.

ఉల్లిపాయలు సగం అయ్యేసరికి గుడారం తెర తొలగింది. కర్ర పట్టుకున్న ముసలావిడ లోపలికొచ్చింది. నల్లటి గుడ్డ తలమీదుగా కప్పుకుంది, చుబుకం మీద పచ్చబొట్టు. పెద్దమామా. ఆమె నన్ను చూసింది. చీర మీద స్వెట్టరు, చేతిలో కత్తి, కళ్ల నిండా ఉల్లిపాయ నీళ్లు. గ్యాసు బండ మీద ఒక ముసలాయన. ఆమె ఏమనుకుందో దేవుడికే తెలియాలి.

డ్రైవరు పరిగెత్తుకొచ్చి అరబ్బీలో గబగబా చెప్పాడు. ఆమె వినలేదో, విన్నా పట్టించుకోలేదో, కర్ర ఊనుకుంటూ బియ్యం బస్తాల దగ్గరికి వెళ్లి వంగి చూసింది. లేపుతుందనుకున్నాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"తాబానా," అంది మెల్లగా. అలసిపోయింది అని. రోజూ వినే మాట కాబట్టి ఆ ముక్క నాకు తెలుసు.

తర్వాత నా వైపు తిరిగి, నా ముఖంలోకి చూసి, వేలితో నన్ను చూపిస్తూ అడిగింది.

"ఇంతి? తాబానా?"

నువ్వో? అని అడుగుతోంది. ఈ రెండేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. మా సంఘం వాళ్లకు నేను అమ్మగారిని. అమ్మగారికి అలసట ఉంటుందని వాళ్లకు తోచదు, తోచకుండా చూసుకున్నదీ నేనే. కాదని చెప్పబోయాను.

"తాబానా," అన్నాను.

మా ఆయన వెల్లుల్లి ఆపి నన్ను చూశారు.

ముసలావిడ పళ్లు లేని నోటితో నవ్వింది. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, తను కూడా అన్నట్టు తలూపింది. పీట లాక్కుని కుంపటి దగ్గర కూర్చుని చేతులు కాచుకుంది. నన్నూ కూర్చోమంది. ఫ్లాస్కులోని చారు ఆమెకు కొంచెం పోసిచ్చాను. తాగి, మిరియాల ఘాటుకు దగ్గి, గ్లాసు మళ్లీ చాపింది. మా మధ్య మాటలు లేవు. ఆమె మోకాలు చూపించింది, నేను నా మోకాలు చూపించాను. అంతకంటే చెప్పుకోవడానికి మాకు భాష కుదరలేదు.

కాసేపటికి కోడలు వచ్చింది. చిన్నమామా. పనిమనిషి ఎక్కడని గట్టిగా అడిగింది. ముసలావిడ కూర్చున్న చోటు నుంచి కదలకుండా ఏదో చిన్నగా అంది. కోడలు మా ఇద్దరినీ ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. అత్త మాటకు ఎదురు చెప్పలేదు గానీ ముఖం మాడిపోయింది. డ్రైవరు నా పక్కన గొణిగాడు.

"పెద్దమామా ఏమనిందో తెల్సునా మా? నీకు ఆకలైతే నేను సేసి పెడతా, దాన్ని లేపాకు అనింది."

పొద్దు వాలి, నమాజు పిలుపు వినబడేదాకా ఆ అమ్మాయి కదల్లేదు. అప్పటికి పెద్దమామా వెళ్లిపోయింది. ఆ అమ్మాయి లేస్తూనే హడలిపోయింది.

"ఎందుకు లేపలేదండీ! ఇంతసేపా! ఉల్లిపాయలు..."

తరిగిన ఉల్లిపాయలు, కడిగిన గ్లాసులు, నానబెట్టిన బియ్యం చూసింది. ఒలిచిన వెల్లుల్లి చూసింది, గింజలంత ముక్కలుగా చితికిపోయి ఉంది. అయ్యగారి వేళ్లు చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు ప్రార్థన చేయమంటావామ్మా?" అన్నారు ఆయన భయంభయంగా.

"చెయ్యండయ్యగారూ. చిన్నదే."

ఆయన జీవితంలో అంత చిన్న ప్రార్థన నేనెప్పుడూ వినలేదు. రొట్టె తుంచి ఇచ్చారు. ఆమె ఆకలిగా నమిలింది. మేం బయలుదేరేసరికి అతిథుల కార్ల లైట్లు గుడారాల వైపు వస్తున్నాయి.

అంతా మంచే జరిగిందని చెప్పలేను. చిన్నమామా ఆ తర్వాత ఎవరినీ రానివ్వొద్దంది. గుడారాలు పీకేదాకా మేము ఆమెను చూడలేదు. ఆ గాలికి మా ఆయనకు గుండెల్లో నెమ్ము చేరి, కొన్ని వారాలు మంచం మీదే ఉన్నారు. ఆవిరి పట్టించడం, గంజి కాచడం. ఆ దగ్గుల మధ్యే ఒకరోజు పొద్దున అడిగారు.

"నువ్వు అలసిపోయానన్నావు ఆవేళ. ఎప్పట్నించి?"

"మొదటి చలికాలం నుంచి."

"నాకు చెప్పలేదేం?"

"మీరు సంతోషంగా ఉన్నారు."

ఆయన ఏమీ బోధించలేదు. గంజి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

మార్చిలో గుడారాలు పీకేశాక ఆ అమ్మాయి ఒక శుక్రవారం జహ్రాలో మా గదికి వచ్చింది. కాసేపు సెలవిచ్చారట. ఆరాధనకు వెళ్దామా అని అడగబోయి ఆగాను. చాప పరిచాను. తర్వాతి వారం ఇంకొకామెను వెంటబెట్టుకొచ్చింది. ఆ మాట ఎలా పాకిందో గానీ, ముందుగదిలో శుక్రవారాలు నలుగురైదుగురు పడుకోవడం మామూలైంది. ఆడవాళ్లు మొహమాటపడకుండా మా ఆయన కింద ఇస్త్రీ షాపులో కూర్చునేవారు. నేను చప్పుడు కాకుండా పప్పు ఉడకబెట్టేదాన్ని. లేచాక తిని, ఓపికుంటే ఒక కీర్తన పాడి వెళ్లేవాళ్లు. ఒకసారి సంఘపెద్ద ఫోను చేసి, ఈ వారం మీ గదిలో ప్రార్థనకు ఎంతమంది వచ్చారని అడిగారు.

"ప్రార్థనకు ఇద్దరండి. నిద్రకు ఐదుగురు," అన్నారు మా ఆయన.

నాకు అలసట తీరిందని అనుకోకండి. ఆ కష్టాలు అలాగే ఉన్నాయి, నా మోకాళ్లూ అలాగే ఉన్నాయి. కానీ వాళ్లు పడుకున్నంతసేపు నేను ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఆ గదిలో ఊపిరి చప్పుళ్లు వింటూ గోడకు ఆనుకుని కూర్చుంటే ప్రాణానికి కొంచెం హాయిగా ఉండేది.

మూడో శీతాకాలం కూడా ఉండమని సంఘం అడిగింది. మా ఆయన నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయనే ఫోను తీసి, ఇక వెళ్తామని చెప్పేశారు. ఆ చాపలూ దుప్పట్లూ ఆ కోనసీమ అమ్మాయి స్నేహితురాలు, దగ్గర్లోనే గది తీసుకున్న ఒక నర్సు, తీసుకుంది. శుక్రవారాలు తలుపు తీసి ఉంచుతానంది. ఎన్నాళ్లు ఉంచుతుందో తెలియదు, ఆమెకూ డ్యూటీలున్నాయి.

విమానాశ్రయానికి రాయచోటి డ్రైవరే దింపాడు. పెట్టెలు దించి, మా ఆయనకు సలాం చెప్పి, నా దగ్గరికొచ్చాడు.

"మళ్లా రాండి మా, వచ్చే సలికాలం."

ఇలాంటప్పుడు దేవుని చిత్తమైతే వస్తామని చెప్పడం మాకు అలవాటు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"రాలేనయ్యా," అన్నాను. "ఓపిక లేదు."

"సరే మా," అన్నాడు డ్రైవరు. మా ఆయన క్యాపు సీట్లో మర్చిపోతే తెచ్చిచ్చి, వెనక కారు హారను కొడుతుంటే బండి తీసుకుని వెళ్లిపోయాడు.