ఎనభై అని కొడితే

ఆఫీసులో ఆమెను వెనకాల అందరూ చాదస్తం మేడం అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. నవ్వి ఊరుకుంటుంది. కంప్యూటర్ లోపల ఎంత వేడెక్కింది, ఫ్యాను ఎంత జోరుగా తిరుగుతోంది అని కనిపెట్టుకుని ఉండే చిప్పులుంటాయి. వాటిని ఎలా వాడాలో ఇంజినీర్లు రాసిన పేజీలు మామూలు మనిషికి అర్థమవుతాయో లేదో చూడటం ఆమె పని. పెద్ద చదువేమీ లేదు. పదకొండేళ్లు కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో ఫోనెత్తి తిట్లు తిన్నది. "మీరు రాసినట్టే చేశానమ్మా, మిషను చచ్చింది" అని ఎంతమంది అరిచారో లెక్కలేదు. జనం ఎలా చదువుతారో ఆమెకు అక్కడే తెలిసింది.

ఆ రోజు ఇంటి నుంచే పని. సాయంత్రం ఐదు దాటితే, కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త వర్షన్‌లోకి ఇంకేమీ తీసుకోరు. నాలుగుంబావుకి ఒక ఇంజినీరు ఫోన్ చేశాడు. ఎనిమిది నెలలు ఒక్కడే కూర్చుని ఒక చిప్పుకి ప్రోగ్రాము రాశాడతను. పేజీ లేకుండా ప్రోగ్రామును తీసుకోరు. ఇవాళ తప్పితే మళ్లీ మూడు నెలలు ఆగాలి.

"నా పేజీ ఎందుకు వెనక్కి పంపారండీ?"

"వేడి లిమిట్ ఇక్కడ రాయండి అన్నావు బాబూ. ఏ లెక్కలో రాయాలో చెప్పలేదు."

"డిగ్రీలో వెయ్యో వంతు లెక్కండీ. ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. వేరే పేజీలో ఉంది కూడా!"

"అది చదివినవాడు నీకు ఫోన్ చేయడు. చదవనివాడు నాకు చేస్తాడు."

మంచం మీద నడుం వాల్చిన అత్తగారు అటు తిరిగింది. "కూరలో ఉప్పు చూసుకోవు గానీ ఊళ్లోవాళ్ల డిగ్రీలన్నీ నీకే కావాలి. పాపం, వాణ్ణి ఎంతసేపు ఏడిపిస్తావే?"

"ఉండండత్తయ్యా. బాబూ, నీ పేజీ నువ్వే చదువుతూ, అందులో ఉన్నట్టే చెయ్యి. లిమిట్ ఎనభై డిగ్రీలు పెట్టు. నేను లైన్లోనే ఉంటా."

ఎవరి పేజీకైనా ఆమె పెట్టే పరీక్ష ఇదే. చాదస్తమన్న పేరు వచ్చిందీ ఇందువల్లే.

"టైం లేదండీ!"

"అందుకే తొందరగా చెయ్యి."

అవతల కోపంగా టకటకా కొట్టిన చప్పుడు. ఆ వెంటే "అయ్యో!" అన్న కేక.

"ఏమైంది?"

"ఆగిపోయిందండీ. మిషను మొత్తం." ఏం కొట్టాడో చూసుకున్నాడు. "ఎనభై అని కొట్టేశాను. ఎనభై వేలు కొట్టాల్సింది."

డిగ్రీలో పదో వంతు కూడా లేని లిమిట్ అది. వేడి దాన్ని ఎప్పుడో దాటేసిందనుకుని, మిషను కాలిపోకుండా చిప్పు కరెంటు తీసేసింది.

చూశావా, నేను చెప్పలేదూ అనడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఆమె అనలేదు. "కంగారు పడకు. ఇంకా అరగంటుంది. మళ్లీ ఆన్ చేసుకో. ఈలోపు నువ్వు చెప్తూ ఉండు, నేను రాస్తా."

"నవ్వుకుంటున్నారా అండీ?"

"నేను కాదు, మా అత్తగారు."

"అబద్ధం నాయనా!" అంటూ ఆవిడ లేచి కూర్చుంది. అతనూ నవ్వేశాడు.

రెండు వాక్యాలు కలిపారు: లెక్క ఏమిటో ఒకటి, ఎనభై డిగ్రీలకు ఏ అంకె కొట్టాలో ఇంకొకటి. చాల్లే అని ఆమె అంటుంటే అతనే పట్టుబట్టాడు. "ఎనభై అని కొడితే మిషను ఆగిపోతుందని కూడా పెట్టండి మేడం. నాలాంటివాళ్లు కొడతారు."

ఐదుకి ఎనిమిది నిమిషాలుందనగా ఆమె సరేనని నొక్కింది. పేజీ, ప్రోగ్రాము రెండూ లోపలికి వెళ్లాయి.

"తీసుకున్నారా వాడిది?" అంది అత్తగారు.

"తీసుకున్నారత్తయ్యా."

"హమ్మయ్య," అని ఆవిడ మళ్లీ పడుకుంది.