మోగని కీబోర్డు

మా ఆయన కొట్టి చూడకుండా ఏ వస్తువూ ఇంటికి తెచ్చేవాడు కాదు. కుండ, పుచ్చకాయ అంటే అందరూ కొట్టే చూస్తారు. ఈయన తలుపు చెక్కను కొట్టేవాడు, స్టీలు బిందెను కొట్టేవాడు. పెళ్లయిన కొత్తలో నాకు కొన్న ట్రంకు పెట్టెను కూడా దుకాణంలో నాలుగు పక్కలా వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. తాండూరు చుట్టూ ఉన్న నాపరాళ్ల గనుల్లో ముప్పై ఏండ్లు పని చేసిన మనిషి. గనిలో బండను పైకి తీశాక చిన్న సుత్తెతో తట్టి వింటారు. ఖంగున మోగితే మంచి బండ. మొద్దుగా పలికితే, కంటికి ఏమీ కనబడకపోయినా లోపల నెర్రె ఉన్నట్టు లెక్క. దాన్ని పక్కకు వేస్తారు. ఆయన పక్కకు వెయ్యమన్న బండను మళ్లీ తట్టి చూసినవాళ్లు లేరు.

నేను చదివింది నాలుగో తరగతి. అయినా విన్న మాట మర్చిపోను. ఆ కీబోర్డు సంగతిలో ఎవరు ఏమన్నదీ ఇప్పటికీ వరుసగా చెప్పగలను.

ఆ ఏడు ఆయనకు దమ్ము ఎక్కువైంది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందన్నారు. గనికి పోవడం ఆగిపోయింది. మాకు ఒక్కతే బిడ్డ. వికారాబాద్‌లో ఒక ఆఫీసులో దరఖాస్తులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఆమెది. రోజూ పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వచ్చేది. నాయిన పరిస్థితి చూసి, వారానికి రెండు రోజులు ఆఫీసుకు వస్తాను, మిగతా రోజులు ఇంట్లో కూర్చుని చేస్తాను అని వాళ్లను బతిమాలి ఒప్పించింది. పని మాత్రం తగ్గొద్దన్నారు. తగ్గితే వేరే మనిషిని పెట్టుకుంటారని మాకు తెలుసు.

మా ఇంట్లో ఒక్కటే గది, వంటకు ఒక మూల. ఒక గోడకు ఆయన మంచం, ఎదుటి గోడకు బిడ్డ బల్ల. రాత్రిళ్లు దగ్గుతో పడుకోలేక, పొద్దెక్కినాక కాస్త కన్ను మూసేవాడు. సరిగ్గా అప్పుడే బిడ్డ పని మొదలు. ఆమె లాప్‌టాప్‌లో కొన్ని అక్షరాలు పడవు. అందుకని ఆఫీసులో మూలకు పడేసిన పాత కీబోర్డు అడిగి తెచ్చుకుంది. దాని మీద కొట్టడం మొదలుపెడితే రేకుల మీద వడగండ్లు పడ్డట్టే. ఆయన ఉలిక్కిపడి కండ్లు తెరిచేవాడు. పైగా దాని వైరు గదికి అడ్డం. ఒకనాడు వేడినీళ్ల గిన్నె పట్టుకుని పోతూ నేను ఆ వైరుకు తట్టుకున్నాను. నీళ్లు ఆయన మంచం పక్కనే ఒలికాయి.

"అమ్మా, వైరు లేనియి ఉంటయి. సప్పుడు రానియి గూడ ఉంటయి. ఒకటి తెచ్చుకుంట," అంది బిడ్డ. "నాయిన నిద్రవొయ్యాలె, నా పని నడవాలె. ఇంకో తొవ్వ లేదు."

వికారాబాద్ ఆసుపత్రిలో చూపించే రోజు ముగ్గురం రైలెక్కాం. డాక్టరు ఆయన్ను చొక్కా విప్పి కూర్చోమన్నాడు. వీపు మీద ఒక చేతి వేలు ఆనించి, ఆ వేలి మీద రెండో చేతి వేలితో కొట్టాడు. పైన కొట్టాడు, నడుమ కొట్టాడు, కింద కొట్టాడు. ఎడమ పక్క అయ్యాక కుడి పక్క. మా ఆయన తల కొంచెం వంచి విన్నాడు. గనిలో బండ ముందు అట్లాగే తల వంచేవాడు. నేను అది చూసి కూడా ఏమీ అనుకోలేదు. చొక్కా గుండీలు పెట్టడానికి ముందుకు పోయాను. డాక్టరు మందులు మార్చి రాశాడు. "వీలైనంత నిద్రపోనివ్వండి," అన్నాడు.

స్టేషన్‌కు వచ్చే దారిలో కంప్యూటర్ సామాన్ల దుకాణం ఉంది. "మీరిద్దరు గా బల్ల మీద కూసోండ్రి, నేను తెస్త," అంది బిడ్డ.

"నేను సూడకుంట కొంటవా?" అని ఆయన ఆయాసపడుతూనే మెట్లెక్కాడు.

దుకాణదారు మూడు తీసి ముందు పెట్టాడు. మొదటిది చిన్నది, ముద్దుగా ఉంది. బిడ్డ దాన్ని ముట్టనేలేదు. "దరఖాస్తులల్ల అన్ని నంబర్లే అన్నా. పక్కకు నంబర్ల బటన్లు లేకుంటే పరేషాన్ అయిత," అంది. రెండోదానికి నంబర్లు ఉన్నాయి కానీ టకటకమంటోంది. మూడోదాని మీద వేళ్లు ఆడించింది. దూది మీద ఆడించినట్టే ఉంది. గోరంత ముక్క ఒకటి లాప్‌టాప్‌కు పెడితే చాలు, వైరు అక్కర్లేదన్నాడు దుకాణదారు. బిడ్డ ముఖం విప్పారింది. ఆ ముఖం చూసి నా ప్రాణం కూడా కుదుటపడింది.

"జర నాకియ్యి," అన్నాడు ఆయన. దాన్ని బోర్లా తిప్పి వేలి కణుపుతో కొట్టాడు. దబ్‌మంది. ఇంకోచోట కొట్టాడు. అక్కడా దబ్బే. "ఇది వద్దు బిడ్డా. లోపట నెర్రెవడ్డది."

దుకాణదారు నవ్వాడు. "కాకా, గది కీబోర్డు. బండ గాదు. సప్పుడు రావొద్దనే లోపట మెత్తటిది ఏసిండ్రు."

"మెత్తటిది ఏసి దాస్తరు. మా కాడ గూడ నెర్రెకు పాలిషు వెట్టి అమ్మేటోళ్లు ఉండిరి."

"గిరాకివని రానిచ్చిన. నువ్వు ఇన్‌స్పెక్టర్ లెక్కున్నవ్ కాకా."

"నేను దీని నాయినను," అన్నాడాయన. నవ్వలేదు. రెండోదాన్ని కొట్టాడు. అది టంగుమని పలికింది. "ఇది తీస్కో. పదేండ్లుంటది."

బిడ్డ నా దిక్కు చూసింది. నేను నేల దిక్కు చూశాను. చప్పుడు లేనిది నీ నిద్ర కోసమే నాయినా అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ తన కోసం అంటే ఏదీ కొననివ్వని మనిషి. "సరే నాయినా. ఇదే మంచిగున్నది," అని టకటకలాడేదాన్నే కట్టించుకుంది.

రైల్లో ఆయనకు కిటికీ పక్కన చోటు దొరికింది. కొంత దూరం పోయాక నాతో అన్నాడు, "డాక్టర్ కొట్టింది సూసినవా?"

"సూసిన."

"ఎడమ దిక్కు మంచిగనే పలికింది. కుడి దిక్కు కింద..." దగ్గు వచ్చి ఆగాడు. "మొద్దు సప్పుడు."

"మనిషికి బండకు పోలికనా. ఏం మాటలవి?"

"ముప్పై ఏండ్లు ఇన్న చెవులే ఇవి," అని కిటికీ బయటికి చూడసాగాడు.

దుకాణంలో ఆ కీబోర్డును ఎందుకు అంతగా వద్దన్నాడో నాకు అప్పుడు తెలిసింది. గంట కింద తన వీపులో విన్న చప్పుడే దానిలోనూ విన్నాడు. ఎదుటి సీట్లో బిడ్డ డబ్బాను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. విన్నదో లేదో నేను అడగలేదు.

మర్నాటి నుంచి మా ఇంట్లో దొంగ నిద్ర మొదలైంది. బిడ్డ బల్ల దగ్గర కూర్చోగానే ఆయన కండ్లు మూసుకునేవాడు. ఆయన నిజంగా నిద్రపోతే ఊపిరి ఎట్లా తీస్తాడో నాకు తెలుసు. ఇది ఆ ఊపిరి కాదు. కండ్లు తెరిస్తే బిడ్డ పని ఆపుతుందని తెరిచేవాడు కాదు. బిడ్డకూ తెలిసిపోయింది. తువ్వాల మడిచి కీబోర్డు కింద పరిచింది. ఒక్కొక్క బటన్‌ను వేలితో మెల్లగా అదిమేది. అట్లా చేస్తే దినం పని రెండు దినాలు పడుతుంది. ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. రెండుసార్లూ బయటికి పోయి మాట్లాడి, ముఖం కడుక్కుని లోపలికి వచ్చింది.

పది రోజులు చూశాను. ఇక నావల్ల కాలేదు. "బిడ్డా, పోయి మార్చుకరా. నాయినతో నేను చెప్త," అన్నాను. ఆఫీసుకు పోయిన రోజు అదే దుకాణంలో మార్చుకుని వచ్చింది.

తెల్లారి ఆమె బల్ల దగ్గర కూర్చుంటే ఆయన కండ్లు మూయలేదు. "ఇటు తే," అన్నాడు. బిడ్డ తెచ్చి చేతిలో పెట్టింది. కణుపుతో కొట్టాడు. దబ్‌మంది. రాత్రంతా అనుకున్న మాటలు చెబుదామని నేను పొయ్యి దగ్గర నుంచి లేచాను. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని అరచేత్తో నిమిరాడు.

"మార్చినవా. మంచిది," అన్నాడు. "నెర్రె బండ గూడ ఊకె పోదు బిడ్డా. మన వాకిట్ల కాళ్లు కడిగే బండ లేదా? అది నేను పక్కకు ఏసిందే. పారేసేదాన్ని అడిగి తెచ్చుకున్న. ఇరవై ఏండ్లాయె." బిడ్డ కండ్లలో నీళ్లు తిరిగాయి. "ఏడువకు. పని చేస్కో. ఇంగ నేను పండుకుంట."

ఆ రోజు నిజంగానే పడుకున్నాడు. నాకు తెలిసిన ఊపిరి అది. మధ్యాహ్నం దాకా లేవలేదు. అప్పటి నుంచి నేను కుక్కర్ పెట్టడం మానేశాను, గిన్నెలోనే అన్నం వండాను. దారిన పోయే కూరగాయల మనిషిని కూడా అరవకుండా చెయ్యి ఊపి పొమ్మనేదాన్ని. నెల రోజులు ఆయన పగటి పూట హాయిగా నిద్రపోయాడు. బిడ్డకు ఫోన్లు రాలేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున. నేను గడప దగ్గర కూర్చుని పుంటికూర తెంపుతున్నాను. బిడ్డ వేళ్లు బటన్ల మీద ఆడుతున్నాయి, చప్పుడు లేదు. అందుకే గదిలో ఆయన ఊపిరి ఒక్కటే వినబడేది. దాన్ని వింటూ నా పని నేను చేసుకునేదాన్ని. ఒక ఊపిరి వచ్చింది. ఇంకోటి రావాలి. ఆకు చేతిలోనే ఉంది, తెంపలేదు. తలెత్తి చూస్తే బిడ్డ వేళ్లు బటన్ల మీద గాలిలో ఆగి ఉన్నాయి. ఆమె కూడా వింటూనే ఉంది. ఇన్ని రోజులూ వింటూనే పని చేసింది.

ఇప్పుడు బిడ్డ మళ్లీ రోజూ పొద్దున రైలుకు పోతుంది. కీబోర్డు సంచిలో పెట్టుకుంటుంది. సాయంత్రం వచ్చి వాకిట్లో ఆ బండ మీదే కాళ్లు కడుక్కుంటుంది. ఒకనాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు రోకలితో ఆ బండను మెల్లగా కొట్టి చూశాను. ఆయన చెప్పింది నిజమే. దబ్‌మంది.