తవుడుకు కొన్న తమ్ముడు

ఆ ఎండాకాలమంతా మా ఊరు గుడియాత్తం నుంచి వేలూరు ఆసుపత్రికి, వేలూరి నుంచి గుడియాత్తానికి బస్సులోనే గడిచింది. కూర్చుంటే నిద్ర, లేస్తే ఒళ్ళు నొప్పులు. తమ్ముడికి రక్తంలో క్యాన్సర్. వాడు ఇళ్ళు కట్టే మేస్త్రీ. గోడ కడుతూ కళ్ళు తిరిగి కూలబడితే ఎండదెబ్బ అనుకున్నాం.

మొదటి విడత మందులకు జబ్బు అణిగింది. మేం సంతోషపడేలోపే జీన్ల రిపోర్టు వచ్చింది. పక్క మంచం మీది జోలార్పేట రైల్వే ఆయనదీ అదే జబ్బు, అవే మందులు, అవే వాంతులు. ఆయన జీన్లలో ఉన్నది మంచి మార్పట, మందులతోనే నయమయ్యే ఆశ ఎక్కువట. మావాడిది చెడ్డ రకం. ఇప్పుడు తగ్గినా మళ్ళీ తిరగబెడుతుంది, వేరొకరి ఎముకల్లోని మూలుగ ఎక్కించాలి అన్నాడు డాక్టరు. రైల్వే ఆయన భార్య నా ముందు సంతోషం దాచుకోలేక పడ్డ అవస్థ చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆమె తప్పేం లేదు, అయినా మండింది.

తోడబుట్టినదాన్ని కదా అని నా రక్తం పరీక్షకు ఇచ్చాను. అస్సలు కలవలేదు. ఒకే తల్లి బిడ్డలైనా కలవకపోవడం మామూలేనట. బయటివాళ్ళ కోసం వెతుక్కుంటూ కూర్చునే వ్యవధి లేదు. నాన్న ఎప్పుడో పోయాడు. తల్లిదైతే సగం తప్పకుండా కలుస్తుంది, ఇప్పుడు సగంతో కూడా చేస్తున్నాం అని చెప్పి, కన్నతల్లి మీరే కదా అని డాక్టరు అమ్మను మాటవరసకు అడిగాడు.

"కొన్న బిడ్డ సార్" అంది అమ్మ. "తవుడు పోసి కొనుక్కుంటిమి."

నా తర్వాత పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. అందుకని వీడు పుట్టగానే అమ్మ పక్కింటామె చేతిలో పెట్టేసి, చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంది. మనది కాని బిడ్డ జోలికి చావు రాదని మావాళ్ళ నమ్మకం. అప్పటినుంచి "నా కొడుకు" అన్న మాట అమ్మ నోట ఎవరూ వినలేదు. వాడి పెళ్ళిలో కూడా "మా కొన్నోడు" అనే చెప్పుకుంది. చిన్నప్పుడు ఆ మాటకు వాడు ఏడ్చేవాడు. పెద్దయ్యాక అదీ మానేశాడు.

అయితే కన్నతల్లి ఎక్కడుందో కనుక్కోండి అన్నాడు డాక్టరు. నేను నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఇన్నేళ్ళూ వాడిని కాపాడింది ఆ మాటేనని ఆమె నమ్మకం. దాన్ని వదిలేస్తే వాడిని వదులుకున్నట్టే. కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాకు లేదు.

"వదిలెయ్ అక్కా, ఆయమ్మకు భయంగా ఉండాది. పోదాం" అంటూ, పక్కనే కూర్చున్న తమ్ముడు గోడ పట్టుకుని లేచాడు.

అమ్మ నా చెయ్యి వదిలేసి, తన చెయ్యి డాక్టరు ముందు చాపింది.

"అబద్ధం చెప్పినాను సార్. నేను కన్నోడే. నా కొడుకు. రక్తం ఎడుత్తుకోంగ, తీసుకోండి."

లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు. అమ్మ రెండో చేత్తో వాడి చొక్కా పట్టుకుని, వాడు ఊపిరి తీస్తున్నాడా లేదా అని చూస్తూనే ఉంది.