కరుణమ్మగారి ఫాంటు

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. రాజమండ్రిలో డీటీపీ ఆపరేటరుగా ఉన్నప్పుడు జరిగిన ఈ సంగతి తలుచుకున్నా నాకు భయం వెయ్యదు. ఒళ్ళు మండుతుంది.

మా సెంటర్లో నా సీనియరు కరుణమ్మగారు. అప్పట్లో తెలుగు ఫాంట్లలో వత్తులు సరిగ్గా పడేవి కావు. ఆవిడ నెలల తరబడి కూర్చుని ఒక్కో అక్షరం దిద్దుకుని, మీటల అమరిక కూడా మార్చుకుని, ‘కరుణ’ అని పేరు పెట్టి తన కంప్యూటర్లో దాచుకున్నారు. ఆపరేటర్లం చాలామందిమి అలా సొంత ఫాంటు ఉంచుకునేవాళ్ళం, ఇంకొకరికి ఇచ్చేవాళ్ళం కాదు. ఆవిడ గుండెపోటుతో పోయారు. నాలుగో రోజునే మా ఓనరుగారు ఆ కంప్యూటర్ ఫార్మాట్ కొట్టించేశారు. వైరస్ ఉందిట. నన్ను ఒక్క మాట అడగలేదు.

తర్వాతి వారం ఆవిడ భర్త ఫ్లాపీ పట్టుకుని వచ్చారు. ధవళేశ్వరంలో ఉండే రిటైర్డ్ మాస్టారు ఆయన. అందులో ఆవిడ సాక్ష్యం ఉంది. దేవుడు తన జీవితంలో చేసిన మేళ్ళన్నీ ఎనిమిది పేజీలు రాసుకున్నారు. మర్నాడు చర్చిలో జ్ఞాపకార్థ కూడికలో అది చదవాలి. కాగితం మీద ఎక్కడా లేదు. ఆవిడ ఏదైనా నేరుగా టైప్ చేసేసేవారు.

నా కంప్యూటర్లో ఫైలు తెరిస్తే ‘కరుణ’ ఫాంటు లేదని మెసేజ్. ఓకే కొడితే ఇంగ్లీషు అక్షరాలూ బ్రాకెట్లూ కలగాపులగంగా వచ్చాయి. మా దగ్గరున్న ఫాంట్లన్నీ వేసి చూశాను. పాత ఫ్లాపీలన్నీ వెతికాను. మాస్టారు స్టూలు మీద కూర్చుని నా మొహమే చూస్తున్నారు.

ఓనరుగారు నా కుర్చీ వెనకాల నిలబడి, "ఏంటమ్మా, ఒక ఫాంటుకి ఇంత రాద్ధాంతం? ఎక్కడో ఉంటుంది, వెతుకు" అన్నారు.

"ఎక్కడుంటుందండి? మీరే తుడిపించేశారు కదా" అన్నాను.

ముందుగదిలో ఫోను మోగితే ఆయన విసుక్కుంటూ వెళ్ళారు. నేను ఆ ఫైలు మూసి మళ్ళీ తెరిచాను. మెసేజ్ రాలేదు. పేజీ నిండా ఆవిడ అక్షరాలు, గుండ్రంగా, వత్తులు ఎక్కడివక్కడ. ఎనిమిది పేజీలూ ప్రింటు తీసేశాను. మాస్టారు వాటిని గుండెకు హత్తుకుని ఏడ్చారు.

ప్రింటరు చప్పుడు విని ఓనరుగారు వచ్చారు. "ఉంటుందన్నానా లేదా? ఆ ఫైలు నా ముందు తియ్యి."

తీశాను. ఫాంటు లేదు. మూడుసార్లు తీశాను, మూడుసార్లూ లేదు. ఆయన సిగరెట్టుకి వసారాలోకి వెళ్ళాక తీస్తే వచ్చింది. లోపలికి వచ్చాక తీస్తే మళ్ళీ లేదు. ఫాంట్ల ఫోల్డరు అన్నిసార్లూ చూశాను. అందులో ‘కరుణ’ ఒక్కసారి కూడా లేదు.

ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేశాను. తర్వాత కంప్యూటర్ తెలిసిన వాళ్ళని చాలామందిని అడిగాను. మెమరీ అన్నారు, ఇంకేదో అన్నారు. ఓనరుగారి సంగతి చెప్పగానే నవ్వేసేవారు. కారణం నాకు ఇవాళ్టికీ తెలీదు. తెలిసింది ఒక్కటే. ఆయన దగ్గర పనిచేసిన తొమ్మిదేళ్ళలో కరుణమ్మగారు ఆయనకి ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.