కోసి కుట్టిన బెల్టు

పుంగనూరు హైస్కూల్లో టీచరుగా ఉన్న రోజుల్లో, మదనపల్లె నుంచి రోజూ వెళ్లి రావడానికి పాత కారొకటి కొన్నాను. రెండువేల మూడో, నాలుగో సంవత్సరం. కూలికి పోయి నన్ను చదివించిన అమ్మకు మా ఇంటి ముందు కారుండడమే వింత. ఆదివారాలు ముందు సీట్లో నా పక్కన కూర్చుని ఊరంతా తిరిగొచ్చేది. సీటు బెల్టు మాత్రం పెట్టుకునేది కాదు.

"అది పెట్టుకుంటే ఎవురో ఎనక నుంచి పట్టుకున్నట్లుండాదమ్మా," అనేది.

రెండు బెల్టులూ అంచుల్లో పీచులు లేచి, లాగితే వెనక్కి పోకుండా వేలాడుతుండేవి. అప్పట్లో మా వైపు బెల్టు సంగతి అడిగేవాళ్లే లేరు. మార్చాలో, ఇంకొన్నాళ్లు చూడాలో తేల్చుకోలేక, సీటు కవర్లు కుట్టే మేస్త్రీకి చూపించాను. అతను అమ్మ కూర్చునే వైపు బెల్టును చివరిదాకా లాగి ఆగిపోయాడు. నడుం మీదికి వచ్చే చోట అడ్డంగా ఒక కుట్టు ఉంది. మందపు నల్లదారంతో, దగ్గరదగ్గరగా, చేత్తో వేసిన కుట్టు.

"ఇది అరిగి తెగింది కాదు మేడమ్. కత్తితో కోసినారు. మళ్లీ ఎవురో కుట్టినారు. బండికి ఏమైందో అమ్మినోళ్లనే అడగండి. యాక్సిడెంట్ బండయితే బెల్టొకటే మారిస్తే సాలదు."

బ్రోకరు ద్వారా కొన్నాను కాబట్టి పాత యజమానిని ఎన్నడూ చూడలేదు. పాత కాగితాల్లో కుప్పం చిరునామా దొరికింది. ఆ ఆదివారం అమ్మా నేనూ వెళ్లాం.

మధ్యాహ్నం మూడు గంటలప్పుడు అరవై దాటిన మనిషొకాయన తలుపు తీశాడు. వచ్చిన పని చెబుతుండగానే లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది. మమ్మల్ని చూడలేదు. నేరుగా గేటు దాటి, కారు ఎడమ తలుపు తీసి, ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. టక్కుమన్న శబ్దం గడప దాకా వినిపించింది.

ఆయన అక్కడే నిలబడి చెప్పాడు.

"శాంతిపురం కాడ వానకు పొంగిన వంక దాటతా ఉంటే బండి జారి నీళ్లలో పడింది. నేను ఎట్నో బయటపడినాను. మా ఇంటామె బెల్టు ఊడలేదు. నీళ్లు గడ్డం కాడికి వచ్చేసినాయి. బండిలో కొడవలుంటే, దాంతో కోసి లాగినాను. బండి బాగుచేయించినాక ఒకనాడు సూస్తే, తనే కూర్చుని ఆ బెల్టు కుడతా ఉండాది. అప్పుట్నించి దినమ్మూ పోయి అట్లే కూర్చునేది. అందుకే అమ్మేసినాను."

బయట ఎండ మండుతోంది. రోడ్డంతా దుమ్ము. కారులో ఆమె మాత్రం గడ్డం పైకెత్తి, పెదాలు బిగించి కూర్చుంది. అమ్మ వెళ్లి తలుపు దగ్గర వంగింది.

"నీళ్లు యాడిదాకా వచ్చినాయమ్మా?" అని లోపల కూర్చున్నామె మెల్లగా అడిగింది.

అమ్మ కారు అడుగు వైపు చూసింది. ఆమెను ఊరడించడానికి కాదు, నిజంగానే చూసింది.

"తగ్గిపోయినాయి తల్లీ. దిగు."

"ఊడదు."

అమ్మ బటన్ నొక్కింది. ఊడలేదు. నేను నొక్కాను. ఊడలేదు. మేస్త్రీ చూపించిన రోజున నేను పదిసార్లు పెట్టి తీసి చూసిన బెల్టే అది. వెనక్కి తిరిగితే ఆయన ఇంట్లోంచి కొడవలి తీసుకుని వస్తున్నాడు. కంగారు లేదు, తొందర లేదు. రోజూ చేసే పనికి వస్తున్నట్టు వస్తున్నాడు.

"వద్దప్పా, ఆడే పెట్టు దాన్ని," అంది అమ్మ. సీట్లో ఉన్నామె చెయ్యి పట్టుకుని, ఆమె వేలితోనే బటన్ నొక్కించింది. ఊడింది.

ఆమె దిగి, చీర సర్దుకుని, అప్పుడే మమ్మల్ని చూసినట్టు, "ఎండన పడి వచ్చినారే, కాఫీ తాగి పోండి," అంది.

తిరుగు ప్రయాణంలో అమ్మ వెనక సీట్లో కూర్చుంది. పుంగనూరు దాటాక, "రెండూ మార్సేయి," అని ఒక్కమాట అంది.

మేస్త్రీ బెంగళూరు నుంచి కొత్తవి తెప్పించి, లాక్‌లతో సహా రెండు వైపులా మార్చాడు. వైర్లు చూద్దామని కింద పరిచిన మ్యాట్ ఎత్తితే, సన్నటి ఇసుక పొర కనిపించింది. అంతా ఊడ్చి పారేశాడు.

అమ్మ మళ్లీ ముందు సీట్లోకి రావడానికి రెండు నెలలు పట్టింది. వచ్చాక, నేను చెప్పకుండానే కొత్త బెల్టు పెట్టుకుంది. వాన మొదలైతే మాత్రం ఒకసారి ఊడదీసి చూసుకుని మళ్లీ పెట్టుకునేది. నేనూ అంతే.