సున్నం కొట్టిన దవాఖాన

దేవరుప్పుల పక్క పల్లె నుంచి, అడవి ముఖమే ఎరగని నన్ను భూపాలపల్లి అవతలి ఊరికి నర్సుగా వేశారు. ఎనభైల సంగతి. నేను వెళ్ళేసరికి మా దవాఖానలో పోలీసుల క్యాంపు ఉంది. డాక్టరు లేడు. మందుల పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పురుళ్ళు పోశాను. ఊళ్ళో మగవాళ్ళను పట్టుకొచ్చి కాన్పుల గదిలో వేసి కొట్టేవారు. ఆ కేకలు ఊరంతా వినబడేవి.

క్యాంపు ఎత్తేశాక గోడలకు సున్నం కొట్టారు. గదిలో కొత్త ఇనుప బల్ల వేశారు. పెద్దసారొకాయన జీపులో వచ్చి రిబ్బను కత్తిరించి, "ఇక మీ దవాఖాన మీకొచ్చింది" అని చప్పట్లు కొట్టించుకుని పోయాడు. మర్నాటి నుంచి ఒక్క పురుగు రాలేదు! జ్వరంతో వణుకుతున్నవాళ్ళు కూడా గేటు ముందు నుంచి తల వంచుకుని పోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. "ఏందే, నేనేమన్న మింగుతనా?" అని రోడ్డు మీదే తిట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఒకామెకు నొప్పులొస్తున్నాయంటే వెళ్ళి చూశాను. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. అలాంటి కాన్పు బల్ల అంచున చేయాలి. సగం వచ్చిన బిడ్డ కిందికి వేలాడితే ఆ బరువుకే తల దిగుతుంది. నేల మీద ఆ వీలు లేదు. భూపాలపల్లి దాకా పోయే టైమూ లేదు. పట్టుబట్టి బండెక్కించాను. మొగుడే బండి తోలుకొచ్చి గేటు అవతల ఆపాడు.

వరండాలోకి వచ్చి ఆమె స్తంభాన్ని వాటేసుకుంది.

"లోపలికి రా బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత."

"నేను రాను సిస్టరమ్మా. ఆ అర్రల నా పెనిమిటి మొత్తుకున్నడు. సచ్చినా ఆడ పండ."

బల్లనే బయటికి లాగుదామంటే నావల్లా, బండిలో తోడొచ్చిన ఆమె అత్తవల్లా కదల్లేదు. మొగుణ్ణి కేకేశాను. "జర చెయ్యెయ్యి అయ్యా, నీ పెండ్లామే గదా!" అతను గేటు లోపల కాలు పెట్టాడు. కాన్పుల గది వైపు చూశాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

వరండాలోనే గోనెపట్టా పరిచాను. కాళ్ళు వచ్చాయి, నడుము వచ్చింది, చేతులు వచ్చాయి. తల రాలేదు. "నోరు తెరిచి అరువు బిడ్డా, గట్టిగ ముక్కు!" అని నేను మొత్తుకుంటుంటే ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ గోడల మధ్య తన గొంతు వినబడనివ్వలేదు. తల బయటపడేసరికి అంతా అయిపోయింది. మగపిల్లవాడు. వీపు చరిచాను, నోట్లో ఊదాను. దేవుడా, ఏం చేసినా ఏడవలేదు.

"ఏమాయెనక్కా?" గేటు దగ్గర్నుంచి తండ్రి అడుగుతూనే ఉన్నాడు. అడుగుతాడే గాని లోపలికి రాడు. ఈసారి నాకు కోపం రాలేదు. బిడ్డను తువ్వాలలో చుట్టి, నేనే గేటు దాకా వెళ్ళి అతని చేతుల్లో పెట్టాను.