నాగన్నకు వినబడని భజన తాళాలు

మల్దకల్‌లో స్పీకర్లు చేసే నాగన్న పొద్దున్నే దుకాణం తెరిచి, అగరుబత్తి ముట్టించి, తిమ్మప్ప స్వామి భజన పాట పెట్టేవాడు. అది మొక్కూ, పనీ కూడా. ఇళ్ల కోసం ఆయన చేసే డబ్బాలో రెండు స్పీకర్లుంటాయి. మద్దెల మోత పెద్దదానికి, తాళాల గలగల చిన్నదానికి పోవాలి. ఆ పంపకం చేసేవి రాగితీగ చుట్టిన కాయిలు, ఒక కెపాసిటరు. చిన్నది మరీ అరవకుండా దాని ముందు ఒక రెసిస్టెన్సు. బజారులో దొరికే ఒక్కో చిన్న స్పీకరుది ఒక్కో గొంతు. అందుకని ఎంత రెసిస్టెన్సు పెట్టాలో ప్రతిసారీ ఆ భజన తాళాలు వినే తేల్చేవాడు. స్వామి తరువాత ఆయన నమ్మింది తన చెవినే.

ఈ ఏడాది తాళాలు మసకగా వినబడసాగాయి. కెపాసిటర్లు నకిలీవి వస్తున్నాయనుకున్నాడు. మార్చి చూశాడు. చివరికి రెసిస్టెన్సే తీసేశాడు. అలా చేసిన డబ్బాను ఊళ్లోని జోసెఫ్ కొనుక్కుపోయాడు.

వారం తిరగకముందే దాన్ని బండి మీద కట్టుకొని తిరిగొచ్చాడు.

“అన్నా, ఏమనుకోకు. పాట పెడితే మా చంటిది గుక్కపట్టి ఏడుస్తుంది. దాని తల్లి రజిత ఇంట్ల పెట్టనిస్తలేదు.”

“మంచి పాటలు పెట్టుండ్రి మరి.”

“యేసయ్య పాటనే పెట్టిన. నీ డబ్బా తప్పు ఆయన మీదికి తోయకు.”

నాగన్న నవ్వుతూనే భజన పెట్టి, చిన్న స్పీకరుకు చెవి ఆనించాడు.

“గిది మోగుతనే లేదు కదనే.”

“మోగుతలేదా? నా పండ్లు జివ్వుమంటున్నయి.”

నాగన్న తలెత్తాడు. పక్కనే చాయ్ కొట్టు నడిపే సుమన చెవుల్లో దూది ఉంది. ఎందుకని అడిగితే చలిగాలి అనేది. ఇంత ఎండలో చలిగాలేందని ఆయనకు అప్పుడే తట్టింది.

గద్వాల దవాఖానలో డాక్టరు ఆయన చెవులు పరీక్ష చేసి, తాళాల్లాంటి సన్నని చప్పుళ్లు వినే శక్తి పోయిందన్నాడు. మందు లేదట. ఉన్నది కాపాడుకోమన్నాడు.

మరునాడూ అగరుబత్తి వెలిగింది, పాట మొదలైంది. మద్దెల వచ్చింది. తాళాలు రాలేదు. విప్పిన జోసెఫ్ డబ్బా ముందు రెసిస్టెన్సులు గుప్పిట్లో పట్టుకొని, ఏది అతకాలో తెలియక నాగన్న కూర్చుండిపోయాడు. రోజూలాగే సుమన చాయ్ తెచ్చి పెట్టింది.

“దూది ఎందుకో చెప్పకపోతివి సుమనా.”

“ఏం చెప్పాలె అన్నా? దేవుని పాట పెడితివి. ఆపమంటనా?”

నాగన్న చాయ్ ముట్టలేదు. స్టూలు ఆమె వైపు జరిపాడు.

“జరసేపు దూది తీసి గీడ కూసో. నేను ఒక్కొక్కటి మార్చి చూస్త. తాళాలు గుడిల మోగినట్ల ఎప్పుడు మోగుతయో నువ్వే చెప్పాలె. నా మొఖం చూసి మాత్రం మంచిగుందనకు, తల్లీ.”